బాబు వచ్చిన ఏడాది

మా ఇంట్లో ఒక గొంతు ఉంది. అది నాదే. కానీ నేను వంటింట్లో ఉండగా హాల్లోంచి అది వినబడితే చేతిలో పని ఆగిపోయేది. నాకంటే నిదానంగా, దేనికీ తొందర లేనట్టు మాట్లాడుతుంది. "ఎండ మండే దేశాల్లో కూడా మంచుకొండలు ఉన్నాయి" అని మొదలుపెడుతుంది. చివరికి వచ్చేసరికి, అదే నిదానంతో, అవి ఎక్కువ కాలం ఉండవని చెబుతుంది.

పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. పగలు రాస్తే పెద్దది వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి చదువుతుంది. దానికి ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. ఇది మాత్రం దాని కంట పడకూడదు.

పెళ్లయిన కొత్తలో మేము కన్నడ సీమలో, సిటీ శివార్లలోని వర్తూరు చెరువు పక్కన ఒక మేడమీది వాటాలో దిగాం. మా ఆయన హొసకోటె వైపు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నేను భూగోళంలో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నదాన్ని. తెలిసినవాళ్ల ద్వారా సిటీలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పని దొరికింది. బడిపిల్లల కోసం ఇంగ్లీషులో తీసిన సినిమాలకు తెలుగు మాటలు రాయడం. కోలారు వైపు సరిహద్దు ఊళ్లలో తెలుగు బళ్లు ఉన్నాయి కదా, వాటికి పంపుతారని చెప్పారు. అప్పటికి నాకు అయిదో నెల.

నాకు మొదట ఇచ్చిన సినిమా ఆ మంచుకొండల గురించి. పేపర్ల నిండా ఎల్ నినో అని రాస్తున్న రోజులవి. దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, చుట్టూ వేడి దేశాలున్నా ఎత్తు వల్ల నెత్తిన మంచు నిలబెట్టుకున్న కొండలు కొన్ని ఉన్నాయి. వాటి బతుకంతా ఎక్కడో దూరంగా ఉన్న సముద్రం చేతిలో ఉంది. సముద్రం పైపైన కొంచెం వెచ్చబడితే చాలు, దాని మీది గాలీ వెచ్చబడుతుంది, మేఘాల దారి మారుతుంది. కొండమీద మంచుగా పడాల్సింది కొన్నిచోట్ల వానగా పడుతుంది, కొన్నిచోట్ల అసలు పడదు. తెల్లటి కొత్త మంచు ఎండను వెనక్కి కొట్టి, కింద ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న పాత మంచును కాపాడుతుంది. ఆ తెల్లటి కప్పు లేకపోతే కిందిది మురికిగా, బూడిద రంగులో బయటపడి ఎండనంతా తాగేస్తుంది. తాగి కరిగిపోతుంది.

నేను పుస్తకాల్లో వెతికి 'హిమానీనదం' అని రాసుకుపోయాను. స్టూడియో నడిపే ఆయన కన్నడాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు. కాగితం చూసి నెత్తి గోక్కున్నాడు.

"ఏం మేడమ్ ఇది? హిమానీనదం అంటే పిల్లోళ్లు నిద్రపోతారు. మంచు అని రాసేయండి."

"ఏ మంచు సార్? ఆకాశం నుంచి పడేది ఒకటి, గడ్డకట్టి ఉండేది ఒకటి. పొద్దున్నే మా చెరువు మీద లేచేది ఇంకొకటి."

"అన్నిటికీ మీ తెలుగులో ఒకటే పదం ఉండాది కదా. లాభమే కదా మేడమ్! నేర్చుకునేదానికి సులభం."

అలా ఒక వాక్యం తయారైంది. 'కొత్త మంచు పడకపోతే పాత మంచు కరుగుతుంది.' పైకి చదివి ఇద్దరం నవ్వుకున్నాం. పిచ్చివాక్యంలా ఉంది. కానీ అందులో తప్పేమీ లేదు.

తర్వాత పేర్లు. ఆ సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్లు, క్రిస్మస్ రోజుల్లో వచ్చే ఆ వెచ్చదనానికి బాల ఏసు పేరు పెట్టుకున్నారట. ఎల్ నినో అంటే వాళ్ల భాషలో చిన్నపిల్లవాడు. సముద్రం చల్లబడిన ఏళ్లకు లా నినా, అంటే చిన్నపిల్ల అని. నేను 'బాలుడు, బాలిక' అని రాశాను. అది బడి హాజరుపట్టీలా ఉందన్నాడు ఆయన. "ఇంట్లో మీరెట్ల పిలుస్తారు?" అని అడిగాడు. ఇంట్లో ఎవరైనా ఎలా పిలుస్తారు? బాబు. పాప.

గొంతు ఇవ్వాల్సిన ఆవిడ ఆ రోజు రాలేదు. మీరే చదివేయండి మేడమ్ అంటే అద్దాల గదిలో కూర్చున్నాను. గోడలకు పాత గోనెసంచులు కొట్టి ఉన్నాయి, ఫ్యాను లేదు. చదువుకుంటూ పోయాను. "బాబు వచ్చిన ఏడాది కొండల మీద మంచు పడదు. పాప వచ్చిన ఏడాది మంచు తిరిగి వస్తుంది. కానీ బాబు తీసుకున్నంత పాప..." అక్కడ కడుపులో చేప తిరిగినట్టయింది. అంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు. ఆగిపోయాను. తర్వాత ఊపిరి తీసుకుని, "...తిరిగి ఇవ్వలేదు" అని పూర్తి చేశాను.

మళ్లీ చదువుతానన్నాను. అద్దం అవతల ఆయన వద్దని చెయ్యి ఊపాడు. "చాలా బాగుండాది మేడమ్. ఫీలింగ్ వచ్చింది."

ఆ ఆగడం క్యాసెట్‌లో ఇప్పటికీ అలాగే ఉంది.

మా అత్తది చింతామణి దగ్గర పల్లె. నా కాన్పు కోసమని వచ్చి మాతోనే ఉండిపోయింది. స్టూడియో వాళ్లిచ్చిన క్యాసెట్‌ను మా ఆయన పాత వీసీఆర్‌లో పెట్టి సంబరంగా చూపించాడు. ఆమె వక్క నములుతూ కాసేపు విని, నములుతున్నది ఆపింది.

"ఏందమ్మా ఇది? కడుపుతో ఉండుకొని, బాబు వస్తే అన్నీ పోతాయంటాండావు? నోటికి మంచి మాటే రాదా నీకు?"

"అది సముద్రం అత్తా. సముద్రం వేడెక్కితే దానికి బాబని పేరు."

"సముద్రానికి బాబేంది? ఇంగ మన నీళ్లబిందెకు చిన్నాయనా అని పెట్టుకుందామా?"

మా ఆయన పడీపడీ నవ్వాడు. "పాపే పుడుతుందిలేమ్మా. కొండలకూ మంచిది."

పాపే పుట్టింది. ఆ తర్వాత సముద్రం చల్లబడిందని, ఇది లా నినా అని పేపర్లో చిన్న వార్త వచ్చింది. అత్తకు చదివి వినిపించాను. బిడ్డ నెత్తిన నూనె అద్దుతూ, "సూడు, నా మనవరాలు వచ్చి సముద్రాన్నే చల్లబరిచె" అంది. ఆమెకు ఆ సినిమా మీద కోపం ఆ రోజుతో పోయింది.

మా ఇంటి కిటికీలోంచి చెరువు కట్ట కనబడుతుంది. చలికాలం పొద్దున్నే నీళ్ల మీంచి మంచు లేచి, కట్ట దాటి, మా మెట్ల దాకా వచ్చేది. అవతల ఒడ్డు ఉండేది కాదు. కొబ్బరిచెట్ల తలలు మాత్రం మొండాలు లేకుండా తేలుతుండేవి. పాపకు చిన్నప్పటి నుంచి పిల్లికూతలు. మంచు పడితే దాని ఛాతీలోంచి ఈల వేసినట్టు వినబడేది. ఉన్ని టోపీ పెట్టి, తలుపులు మూసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టేదాన్ని. అది అద్దానికి ముక్కు ఆనించి చూసేది. దాని ఊపిరి అద్దం మీద ఇంకో చిన్న మంచు.

నేను దాని ఊపిరి వింటూనే ఏళ్లు గడిపాను. అది ఆడుకుంటున్నప్పుడూ, అన్నం తింటున్నప్పుడూ, ఒక చెవి దాని ఛాతీ మీదే ఉండేది. ఈల లేకపోతే ఎందుకు లేదని భయం.

అది అన్నం తినాలంటే క్యాసెట్ పెట్టాలి. ఆ సినిమాలో తెరమీద నేను ఉండను, కొండలుంటాయి, నా గొంతు ఉంటుంది. "అమ్మ ఎక్కడ?" అని అడిగేది. "అదిగో, మాట్లాడుతోంది కదా." "కొండ లోపలుందా?" నేను నవ్వి ముద్ద పెట్టేదాన్ని. ఒకసారి, ఆ ఆగే చోట, దాని చెయ్యి తీసి నా పొట్ట మీద పెట్టుకుని చెప్పాను. "ఇక్కడ అమ్మ ఎందుకాగిందో తెలుసా? నువ్వు కదిలావు. ఇక్కడ నువ్వున్నావు."

అప్పటి నుంచి ఆ చోటు వచ్చేముందు ముద్ద మింగడం కూడా మానేసి కూర్చునేది. ఆగగానే, "నేనున్నా!" అని అరిచేది. ఆ వెంటనే నా గొంతు, 'తిరిగి ఇవ్వలేదు' అనేది.

దానికి అయిదేళ్లు నిండాక నాకు మళ్లీ నెల తప్పింది. అత్త ఇల్లంతా ఒకటే పాట. "ఈసారి బాబు వస్తాడు. పాపా, నీకు బాబు వస్తాడే!" మా ఆయన ఫ్యాక్టరీ నుంచి రాగానే, "బాబు ఏం చేస్తున్నాడు?" అని నా పొట్టను అడిగేవాడు. పాప ఆ మాటలప్పుడు మంచం కిందికి వెళ్లి కూర్చునేది. కొత్త బిడ్డంటే అసూయ అనుకున్నాం. అందరు పిల్లలూ అంతేనంది అత్త.

కానీ అది బడి మానేయడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేచి కిటికీ దగ్గరికి వెళ్లేది. మంచు ఉన్నంతసేపు కదలదు, పలకరించినా తిరిగి చూడదు. ఎండ ఎక్కి చెరువు మీద మంచు పలచబడుతుంటే ఏడుపు. గట్టిగా కాదు. ఎవరో ఊరెళుతుంటే గుమ్మంలో నిలబడి ఏడ్చినట్టు, సన్నగా.

"పోతాందమ్మా."

"పోనీ. రేపు మళ్లీ వస్తుంది."

"నువ్వే కదా రాదన్నావు?"

ఎప్పుడన్నానో నాకు గుర్తు రాలేదు. నేను అసలు అలా అనలేదని దాన్నే కసిరాను.

ఒక పొద్దున పాలు కాచి చూస్తే పడక మీద పాప లేదు. తలుపు గడియ తీసి ఉంది. అత్త స్నానాల గది చూసింది, నేను మిద్దె చూశాను. దాని స్వెటరూ టోపీ కొయ్యకే వేలాడుతున్నాయి. మెట్లు దిగితే ఏమీ కనబడదు. నా చేతులు నాకు కనబడుతున్నాయి, అంతే. పేరు పెట్టి పిలిచాను. ఆ మంచులో నా గొంతు నాకే వేరేగా వినిపించింది. నిదానంగా, ఎక్కడినుంచో. క్యాసెట్‌లో గొంతు అది. ఇంత భయంలో అంత నిదానం ఎలా వచ్చిందో తెలియదు. మళ్లీ పిలవడానికి భయం వేసింది.

పిల్లికూత పట్టిచ్చింది దాన్ని. కట్ట మీద, నీళ్ల వైపు, ఈల. ఆ ఈల వినబడ్డ వైపు నడిచాను. అది నీళ్లకు దగ్గరగా, తడిగడ్డిలో, మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఎత్తుకోబోతే గింజుకుంది.

"వదులు! నేనిక్కడే ఉండాల."

"ఎందుకు తల్లీ?"

"పాప ఉంటే మంచు ఉంటాది. ఇంట్లోకి వస్తే అది పోతాది. బాబు వస్తే ఇంగ రానే రాదు." దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, నా గొంతుతో, ఆ నిదానంతో, ఆగాల్సిన చోట ఆగి మరీ చెప్పింది. "బాబు తీసుకున్నంత పాప... తిరిగి ఇవ్వలేదు."

దాన్ని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి నడిచాను. డాక్టరు మందు పీల్పించి, తగ్గాక ఇంటికి పంపాడు. ఆ రోజే క్యాసెట్‌ను బీరువాలో చీరల కింద పెట్టేశాను. దానివల్ల ఏమీ కాలేదు, పాపకు మొత్తం కంఠతా వచ్చు.

చదువుకున్నదాన్ని కదా, విడమరిచి చెప్పాలనుకున్నాను. గ్లోబు తెచ్చి చూపించాను. ఇది సముద్రం. బాబు అంటే ఈ సముద్రం వేడి. మన బాబు వేరు. ఆ కొండల మంచు గడ్డకట్టిన మంచు. మన చెరువుది పొగమంచు. రాత్రి చల్లబడితే లేస్తుంది, ఎండ వస్తే పోతుంది, మళ్లీ వస్తుంది.

అది వేలితో సముద్రం నుంచి కొండ దాకా గీత గీసింది. "ఇంత దూరం నుంచి బాబు కొండకు ఎట్ల వస్తాడు?"

"గాలి తెస్తుంది. సముద్రం మీద వేడెక్కిన గాలి చాలా దూరం పోతుంది."

"మన ఇంటికీ?"

అబద్ధం చెప్పాల్సింది. "మన వానలు కూడా దాన్నిబట్టి మారుతుంటాయి" అన్నాను. అది గ్లోబును చేత్తో ఆపి, మంచం కిందికి వెళ్లిపోయింది. నేను విడమరిచి చెప్పేకొద్దీ దాని భయానికి ఆధారాలు పెరుగుతున్నాయి.

"సినిమా అబద్ధమని చెప్పెయ్" అన్నాడు మా ఆయన.

"అబద్ధం కాదు కదా."

"అది అయిదేళ్ల పిల్ల. నువ్వు పరీక్ష రాస్తున్నావా?"

బాబు పుట్టాడు. తెల్లగా, నిండుగా, తల నిండా జుట్టుతో. అత్త వీధంతా చక్కెర పంచింది. పాప ఉయ్యాల దగ్గరికి రాలేదు. వాడి వైపు నుంచి గాలి వస్తున్నట్టు గోడ వెంట నడిచేది. బాబు అని పిలవదు. 'వాడు' అనేది. ఎత్తుకో అంటే రెండు చేతులూ వీపు వెనక దాచుకునేది.

ఆ ఏడు చలికాలం చలి సరిగా పడలేదు. చెరువు చుట్టూ ఇళ్లు లేచాయి, లారీలు పగలూ రాత్రీ తిరుగుతున్నాయి. పొద్దున్నే లేచి చూస్తే నీళ్లు నీళ్లలాగే కనబడేవి. అవతల ఒడ్డు ఉంది, కొబ్బరిచెట్లకు మొండాలున్నాయి. మంచు లేదు. పాప కిటికీ దగ్గర నిలబడి, తిరిగి, ఉయ్యాల వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయేది. దాని పిల్లికూతలు తగ్గాయి. సంతోషించాల్సింది. దాని ఛాతీ నిశ్శబ్దంగా ఉంటే నాకు ఆ నిశ్శబ్దంలో టేపులో ఆగిన చోటు వినబడేది.

కొన్ని సంగతులు రాయకపోతే లోపలే ఉండిపోతాయి. ఒక పొద్దున వాడికి పాలిస్తూ కిటికీలోంచి చూశాను. మళ్లీ మంచు లేదు. నువ్వొచ్చావు, అందుకే, అనుకున్నాను. పైకి అనలేదు. భూగోళం చదివినదాన్ని, చెరువు మంచుకూ సముద్రానికీ, సముద్రానికీ నా కొడుక్కూ ఏం సంబంధం ఉందో లేదో తెలిసినదాన్ని. అయినా అనుకున్నాను. వాడు పాలు వదిలేసి నా మొహంలోకి చూశాడు. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉన్నాడు. పసిపిల్లలు అందరూ ఉన్నంత వెచ్చగానే.

ఇవాళ పొద్దున గట్టిగా గాలి వచ్చింది. నేను బట్టలు ఆరేస్తుంటే కింద నుంచి పాప అరుపు. తొంగి చూస్తే, కట్ట చివర నీళ్లు పొర్లే చోట తెల్లటి గుట్టలు లేచి ఉన్నాయి. గాలికి ముక్కలుగా తెగి, రోడ్డు మీదికి, కరెంటు తీగల మీదికి, మా గోడల మీదికి ఎగిరి వస్తున్నాయి. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నాకూ మంచే అనిపించింది. ఆ సినిమాలో కొండమీద పడ్డట్టే పడుతోంది. తర్వాత వాసన వచ్చింది. సిటీ మురికంతా, సబ్బు నీళ్లంతా మా చెరువులోకి వచ్చి పడుతుంది. పొర్లే చోట నురగ కట్టడం ఇంతకుముందూ చూశాను. ఇంత ఎప్పుడూ చూడలేదు.

పాప మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. దోసిలి నిండా తెల్లగా, ముంజేతుల మీదికి జారుతూ. మొహం వెలిగిపోతోంది. నన్ను దాటుకుని నేరుగా ఉయ్యాల దగ్గరికి వెళ్లింది.

"బాబూ! ఒరే బాబూ, సూడు! మంచొచ్చింది! నువ్వున్నా వచ్చింది!"

వాడిని ఆ పేరుతో పిలవడం అదే మొదలు. దోసిలి వాడి మొహం మీదికి వంచబోయింది. దాని మణికట్టు పట్టుకున్నాను.

అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఛీ ఛీ, ఏం కంపే ఇది? మంచేంది, ఆ మురిక్కాలవ నురగ..."

"అత్తా!" అన్నాను.

పాప నా వైపు తలెత్తింది. దోసిట్లో బుడగలు చిటచిటమని పేలుతున్నాయి. "మంచే కదా అమ్మా?"

సినిమాలో ప్రతి మాటకూ సరైన మాట కోసం పుస్తకాలు తిరగేసినదాన్ని. అన్నిటికీ ఒకటే పదం అని స్టూడియో ఆయనంటే వాదించినదాన్ని.

"మంచే" అన్నాను. "కానీ చల్లగా ఉంటుంది కదా, బాబుకు జలుబు చేస్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చి ముట్టుకో."

పంపు కింద మోచేతుల దాకా తోమి కడిగాను. అది తడి చేతులతోనే పరిగెత్తి, ఉయ్యాల పట్టుకుని, వాడి చెంప మీద ఒక వేలు పెట్టింది. వాడు ఆ వేలిని గుప్పిట్లో పట్టేసుకున్నాడు. "వదలడం లేదు అవ్వా!" అని నవ్వింది. అత్త నవ్వింది. నేను కిటికీలు మూశాను.

సాయంత్రానికి దాని అరచేతులు ఎర్రబడి దురద పెట్టాయి. కొబ్బరినూనె రాశాను. ఇందాక పడుకోబెడుతుంటే, దాదాపు నిద్రలో, "రేపు కూడా వస్తాదా?" అని అడిగింది.

"వస్తుంది" అన్నాను. చెరువులోకి సిటీ మురికి రావడం ఆగదని తెలుసు కాబట్టి, ఆ మాట చెప్పడానికి నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది.